రిపోర్టులన్నీ నార్మలే... మరి గుండెపోటు ఎందుకొచ్చింది?

గుండె జబ్బుల మీద పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. చాలా ఉత్తరాల వెనక ఒకటే నమ్మకం కనిపించింది: నొప్పి లేకపోతే జబ్బు లేనట్టే అని. ప్రాణాల మీదికి తెచ్చేది ఆ నమ్మకమే. అందుకే మొదటి జవాబు కాస్త పెద్దదైంది.

ప్రశ్న: మా అన్నయ్యకు 51 ఏళ్లు. నెల కిందటే హెల్త్ చెకప్ చేయించాడు. ఈసీజీ, ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్ష అన్నీ నార్మల్ అన్నారు. మొన్న గుండెపోటు వచ్చి స్టెంట్ వేయాల్సి వచ్చింది. పరీక్షల్లో ఏదైనా తప్పు జరిగిందంటారా?

జవాబు: తప్పు జరిగి ఉండకపోవచ్చు. ఆ మూడు పరీక్షలు దేన్ని చూస్తాయో, దేన్ని చూడలేవో తెలిస్తే సంగతి అర్థమవుతుంది. ఈసీజీ తీసిన ఆ కొద్ది సెకన్లలో గుండెలో విద్యుత్తు ఎలా నడిచిందో రాస్తుంది. ఎకో గుండె కండరం ఎలా ముడుచుకుంటోందో, కవాటాలు సరిగ్గా మూసుకుంటున్నాయో లేదో చూపిస్తుంది. ట్రెడ్‌మిల్ మీద వేగం పెంచినప్పుడు గుండెకు రక్తం చాలకపోతే ఈసీజీ గీతలో తేడా వస్తుంది. అలా చాలకుండా పోవాలంటే రక్తనాళం మామూలుగా 70 శాతం దాకా పూడి ఉండాలి. 30, 40 శాతం పూడిక ఈ మూడింటిలో దేనికీ దొరకదు. గుండెపోట్లలో చాలా వాటికి కారణం అలాంటి చిన్న పూడికలే.

అదెలాగో చూడండి. గుండెకు రక్తం అందించే కరొనరీ ధమనుల వెడల్పు 2 నుంచి 4 మిల్లీమీటర్లు. వాటి లోపలి గోడకు ఒకే ఒక్క కణం మందాన ఒక నున్నటి పొర ఉంటుంది. ఎక్కువ బీపీ, పొగాకు, షుగరు ఈ పొరను దెబ్బతీస్తాయి. చెడు కొలెస్ట్రాల్ అని పిలిచే ఎల్‌డీఎల్ రేణువులు రక్తంలోంచి పొర కిందికి దూరి అక్కడ చిక్కుకుంటాయి. వాటిని ఏరిపారేయడానికి వచ్చిన తెల్లకణాలు కొవ్వును మింగి మింగి ఉబ్బిపోయి, అక్కడే చచ్చిపడతాయి. ఏళ్ల తరబడి ఇలా జరిగి గోడలో ఒక మెత్తటి కొవ్వు ముద్ద తయారవుతుంది. దాని మీద పీచు కణజాలం మూతలా కప్పుకుంటుంది. ఇంత జరుగుతున్నా మనిషికి ఏమీ తెలియదు. కొవ్వు పేరుకునే కొద్దీ ధమని ముందు బయటివైపుకి ఉబ్బుతుంది, రక్తం పారే దారి చాలాకాలం దాకా అలాగే ఉంటుంది. నాళాల్లోకి మందు ఎక్కించి ఎక్స్‌రే తీసే యాంజియోగ్రామ్‌లో కనిపించేది ఆ దారి ఒక్కటే కాబట్టి అందులోనూ నాళం శుభ్రంగా ఉన్నట్టే అనిపించవచ్చు.

అసలు ప్రమాదం మూతతో. అది మందంగా ఉన్నన్నాళ్లు గొడవ లేదు. 65 మైక్రాన్ల కంటే పల్చబడితే, అంటే ఒక వెంట్రుక మందం కూడా లేకపోతే, బీపీ ఒక్కసారిగా పెరిగినప్పుడో, ఒళ్లు బాగా శ్రమపడినప్పుడో, ఏ కారణమూ లేకుండానో చిట్లిపోతుంది. లోపలి ముద్దకు రక్తం తగలగానే శరీరం దాన్ని గాయమనుకుని గడ్డ కట్టిస్తుంది. నిన్నటిదాకా 40 శాతం పూడిన నాళం నిమిషాల్లో పూర్తిగా మూసుకుపోతుంది. మీ అన్నయ్యకు జరిగింది ఇదే అయ్యుండవచ్చు.

ఇది ముసలితనంలో మొదలయ్యే జబ్బు కాదు. కొరియా యుద్ధంలో చనిపోయిన 300 మంది అమెరికా సైనికుల గుండెలను పరీక్షించి 1953లో వివరాలు ప్రచురించారు. వాళ్ల సగటు వయసు 22. నాలుగింట మూడు వంతుల మందికి పైగా ధమనుల్లో అప్పటికే ఈ జబ్బు ఆనవాళ్లు ఉన్నాయి.

అందుకే ‘ఇప్పుడు పూడిక ఎంత’ అని అడగడం కంటే ‘పూడికను పెంచేవి నాలో ఏమున్నాయి’ అని చూసుకోవడం మేలు. 52 దేశాల్లో జరిగి 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం, మొదటిసారి వచ్చే గుండెపోట్లలో దాదాపు 90 శాతం ముప్పు తొమ్మిది విషయాలతో ముడిపడి ఉందని తేల్చింది. వాటిలో ఆరు ముప్పును పెంచేవి: రక్తంలో చెడు కొవ్వు రేణువులు, పొగాకు, బీపీ, షుగరు, పొట్ట చుట్టూ కొవ్వు, మానసిక ఒత్తిడి. మిగతా మూడింటిలో రోజూ పండ్లు కూరగాయలు తినకపోవడం, ఒళ్లు వంచకపోవడం ఉన్నాయి. మద్యం కూడా ఆ లెక్కలో ఉంది గానీ, మితంగా తాగితే గుండెకు మంచిదన్న మాటను ఇవాళ సలహాగా ఎవరికీ చెప్పం.

ఇక మీ సంగతి. మగవాళ్లకు 55 ఏళ్లలోపు, ఆడవాళ్లకు 65 ఏళ్లలోపు గుండెజబ్బు వస్తే వాళ్ల తోబుట్టువులకూ పిల్లలకూ ముప్పు ఎక్కువని లెక్క. కాబట్టి మీరు ఈ నెలలోనే రక్తంలో కొవ్వులు చూసే లిపిడ్ ప్రొఫైల్, మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ చేయించుకోండి. బీపీ, నడుము చుట్టుకొలత చూసుకోండి. ఎల్‌డీఎల్ లాంటి మరో రేణువును కొలిచే లైపోప్రోటీన్ ఏ అనే పరీక్ష కూడా జీవితంలో ఒక్కసారి చేయిస్తే చాలు, అది పుట్టుకతో వచ్చేది, పెద్దగా మారదు. డెసీలీటరుకు 50 మిల్లీగ్రాములు దాటితే ముప్పు ఎక్కువ. కొలెస్ట్రాల్ తగ్గించే మందు మొదలుపెట్టాలా వద్దా అన్నది తేలకపోతే, ధమనుల గోడల్లో కాల్షియం ఎంత చేరిందో సీటీ స్కాన్‌లో లెక్కించే కాల్షియం స్కోరు చూడమని డాక్టరును అడగవచ్చు. ఇంజెక్షన్ లేకుండా తీసే స్కాన్ అది. సున్నా వస్తే రాబోయే కొన్నేళ్లకు ముప్పు తక్కువ; 100 దాటితే మందు తప్పదనే చెబుతారు. కాల్షియం చేరని మెత్తటి ముద్దలు అందులో కనిపించవు కాబట్టి, పొగతాగేవారు, షుగరున్నవారు సున్నా చూసి ధీమాగా ఉండకూడదు.

ప్రశ్న: నాకు 54 ఏళ్లు, షుగరు ఉంది. టోటల్ కొలెస్ట్రాల్ 220, హెచ్‌డీఎల్ 42, ట్రైగ్లిసరైడ్లు 200, ఎల్‌డీఎల్ 138 వచ్చాయి. డాక్టరుగారు కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర రోజూ వేసుకోమని రాశారు. మొదలుపెడితే జన్మలో మానలేమని, కండరాలు, లివరు పాడవుతాయని తెలిసినవాళ్లు భయపెడుతున్నారు. తిండి మార్చుకుంటే సరిపోదా?

జవాబు: ముందు మీ రిపోర్టు చదువుదాం. చాలా ల్యాబుల్లో ఎల్‌డీఎల్‌ను కొలవరు, లెక్క కడతారు. టోటల్ నుంచి మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్‌ను తీసేసి, ట్రైగ్లిసరైడ్లలో అయిదో వంతును కూడా తీసేస్తారు. 220 లోంచి 42 పోతే 178, అందులోంచి 40 పోతే 138. ట్రైగ్లిసరైడ్లు 400 దాటితే ఈ లెక్క పనికిరాదు. అంతకు తక్కువున్నా, అవి పెరిగే కొద్దీ ఎల్‌డీఎల్ ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. అందుకే షుగరున్నవాళ్లు మధ్యలో వచ్చిన 178ని కూడా గుర్తుపెట్టుకోవాలి. దాన్ని నాన్ హెచ్‌డీఎల్ అంటారు, ధమనిలో చిక్కుకునే రేణువులన్నీ అందులో ఉంటాయి. ఎల్‌డీఎల్ ఎంతకు తగ్గాలంటారో, ఇది దానికి 30 కలిపినంత లోపు ఉండాలి.

షుగరుండి 40 దాటినవారికి ఎల్‌డీఎల్ 138 కంటే తక్కువున్నా స్టాటిన్ ఇస్తారు. మీ డాక్టరు చెప్పింది సరైన మాట. తిండి మార్చుకోవడం అవసరమే. వెన్న, కొవ్వున్న మాంసం, పామాయిల్ తగ్గించి వాటి స్థానంలో గింజల నూనెలు వాడి, ఓట్స్, బార్లీ, పప్పుధాన్యాల్లో ఉండే కరిగే పీచు పెంచితే ఎల్‌డీఎల్ 10 నుంచి 15 శాతం తగ్గుతుంది. మీ 138 అలా 120 దగ్గరికి వస్తుంది. మీకు కావాల్సింది 100 లోపు, ఇంకా ముప్పుంటే 70 లోపు. ఓ మోస్తరు డోసు స్టాటిన్ 30 నుంచి 50 శాతం తగ్గిస్తుంది కాబట్టి 70 నుంచి 97 మధ్యకు చేరతారు. ఎల్‌డీఎల్ సుమారు 39 మిల్లీగ్రాములు తగ్గిన ప్రతిసారీ గుండెపోటు, పక్షవాతం వంటివి అయిదింట ఒక వంతు తగ్గుతాయని ఎన్నో పరీక్షల ఫలితాలను కలిపి చూసినప్పుడు తేలింది.

మానలేమన్న భయం గురించి. స్టాటిన్ అలవాటు పడే మందు కాదు. మానితే ఒంటికి బాధేమీ ఉండదు, కొన్ని వారాల్లో ఎల్‌డీఎల్ మళ్లీ పాత చోటికి వెళ్తుంది, అంతే. అందుకే కొనసాగించమంటారు. కండరాల నొప్పి మాట కూడా వివరంగా చెప్పాలి. స్టాటిన్ పడక మానేసిన 60 మందితో చేసిన ఒక పరీక్ష ఫలితాలు 2020లో వచ్చాయి. వాళ్లకు కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు మందు లేని ఉత్తి మాత్ర, కొన్ని నెలలు అసలు మాత్రే లేకుండా ఉంచారు. స్టాటిన్‌తో వచ్చిన బాధల్లో 90 శాతం ఉత్తి మాత్రతోనూ వచ్చాయి. బాధ నిజమే, దానికి కారణం ఎక్కువగా మందు కాదు, భయం. అసలైన కండర సమస్య రెండు తొడల్లోనో, రెండు భుజాల్లోనో సమానంగా వస్తుంది. మెట్లెక్కడం, చేతులు పైకెత్తడం కష్టమవుతుంది. అప్పుడు కండరాలు దెబ్బతిన్నాయేమో చూపించే సీకే రక్తపరీక్ష, థైరాయిడ్ పరీక్ష చేయించాలి. థైరాయిడ్ తక్కువున్నవారికి స్టాటిన్‌తో ఈ ఇబ్బంది ఎక్కువ. మూత్రం నల్లటి టీ రంగులో వస్తే మాత్రం ఆ రోజే మందు ఆపి ఆసుపత్రికి వెళ్లాలి. లివరు తీవ్రంగా దెబ్బతినడం చాలా అరుదు. ఎంజైములు మామూలు హద్దుకు మూడు రెట్లు దాటితేనే ఆపడం గురించి ఆలోచిస్తారు. షుగరు కొంచెం పెరగడం మాత్రం నిజం. దానివల్ల జరిగే నష్టం కంటే గుండెకు జరిగే మేలు ఎక్కువ కాబట్టే ఇస్తున్నారు.

అటార్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ ఏ పూటైనా వేసుకోవచ్చు. క్లారిత్రోమైసిన్ వంటి యాంటీబయాటిక్ ఎవరైనా రాస్తే మీరు స్టాటిన్ వాడుతున్నట్టు తప్పకుండా చెప్పండి. మొదలుపెట్టిన 4 నుంచి 12 వారాల్లో మళ్లీ లిపిడ్ పరీక్ష చేయించండి. అనుకున్నంత తగ్గలేదని డోసు రెట్టింపు చేస్తే అదనంగా తగ్గేది సుమారు 6 శాతమే. కొలెస్ట్రాల్ తగ్గించే మరో మందు ఎజెటిమైబ్ 10 మిల్లీగ్రాములు జోడిస్తే సుమారు 20 శాతం తగ్గుతుంది. డోసు పెంచాలా, ఇది జోడించాలా అని మీ డాక్టరును అడగవచ్చు.

ప్రశ్న: నాన్నగారి కోసం ఇంట్లో బీపీ మెషిన్ కొన్నాం. ఒకసారి 158, అయిదు నిమిషాలాగితే 139, ఆసుపత్రిలో 164. ఏది నమ్మాలి? బాగున్న రోజు మాత్ర మానేయవచ్చా?

జవాబు: మెషిన్ పాడైందని అనుకోకండి. బీపీ చూసే పద్ధతిలో చిన్న చిన్న తప్పులే 10, 20 పాయింట్ల తేడా తెస్తాయి. చేయి కిందికి వేలాడదీస్తే పెరుగుతుంది. మూత్రం ఆపుకుని కూర్చుంటే పెరుగుతుంది. చూస్తున్నప్పుడు మాట్లాడితే పెరుగుతుంది. వీపు కుర్చీకి ఆనించకపోయినా, కాలు మీద కాలు వేసుకున్నా పెరుగుతుంది. లావుగా ఉన్న చేతికి చిన్న పట్టీ చుడితే అన్నిటికంటే ఎక్కువగా మోసం చేస్తుంది.

పట్టీ సంగతి ముందు చూసుకోండి. మోచేయికీ భుజానికీ మధ్యన టేపుతో చుట్టుకొలత తీయండి. పట్టీ మీద ఎన్ని సెంటీమీటర్ల నుంచి ఎన్ని సెంటీమీటర్ల చేతికి అన్నది అచ్చువేసి ఉంటుంది, నాన్నగారి కొలత ఆ మధ్యలో పడాలి. మణికట్టుకు కట్టే మెషిన్ల మీద ఆధారపడకండి. చొక్కా చేయి పైకి మడిచి బిగించకుండా, ఆ చేతిని పూర్తిగా బయటికి తీసి, పట్టీ కింది అంచు మోచేతి మడతకు రెండు వేళ్ల పైన ఉండేలా చుట్టండి. పట్టీ కింద ఒకటి రెండు వేళ్లు దూరేంత వదులుండాలి.

కాఫీ, టీ, పొగాకు, వ్యాయామం అయి అరగంట గడవాలి. మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆనేలా కుర్చీలో కూర్చుని, పాదాలు రెండూ నేల మీద పెట్టి, చేతిని గుండె ఎత్తున ఉండేలా బల్ల మీద ఆనించాలి. టీవీ, ఫోను లేకుండా అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. అప్పుడు ఒకసారి, నిమిషం ఆగి ఇంకోసారి చూడాలి. రెండూ రాసుకోవాలి. నచ్చిన అంకె వచ్చేదాకా మళ్లీ మళ్లీ చూడకూడదు. మొదటిసారి రెండు చేతులకూ చూసి, ఏ చేతికి ఎక్కువ వస్తే ఇకపై ఆ చేతికే చూడండి. పొద్దున మాత్రకు ముందు, మళ్లీ సాయంత్రం, ఇలా ఏడు రోజులు రాసి, మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు కట్టండి. ఇంట్లో సగటు 135/85 వస్తే ఆసుపత్రిలో 140/90తో సమానం. డాక్టరు దగ్గరికి మెషిన్‌నీ, ఈ కాగితాన్నీ కూడా తీసుకెళ్లండి. నాడి లయ తప్పి కొట్టుకునేవారికి ఈ మెషిన్లు తప్పు చూపిస్తాయి, వాళ్లకు పాత పద్ధతిలో చేత్తోనే చూడాలి.

మాత్ర మానడం గురించి: 139 వచ్చింది మాత్ర పనిచేస్తోంది కాబట్టే. మానితే కొన్ని రోజుల్లో మళ్లీ పెరుగుతుంది. కొన్ని రకాల మందులను ఠక్కున ఆపితే బీపీ ఉన్నట్టుండి ఎగబాకుతుంది, క్లోనిడిన్ వాడేవారికి ఇది మరీ ప్రమాదం. లేచి నిలబడినప్పుడు కళ్లు తిరుగుతుంటే మాత్రం కూర్చుని ఒకసారి, నిలబడిన మూడు నిమిషాల్లోపు ఒకసారి చూసి డాక్టరుకు చెప్పండి. పై అంకె 20 పడిపోతే డోసు మార్చాల్సి ఉంటుంది.

ప్రశ్న: రోజుకు రెండే సిగరెట్లు. అదీ భోజనం అయ్యాక. దానికీ గుండెకు ముప్పుంటుందా?

జవాబు: ఉంటుంది. గుండె విషయంలో సిగరెట్ల లెక్క ఊపిరితిత్తుల లెక్కలా నడవదు. రోజుకు ఒక్క సిగరెట్టు తాగేవారికే, ఇరవై తాగేవారికి పెరిగే గుండెజబ్బు ముప్పులో దాదాపు సగం ఉంటుందని 2018లో అనేక అధ్యయనాలను కలిపి చూసి తేల్చారు. రక్తం గడ్డకట్టే గుణం పెరగడానికి కొద్దిపాటి పొగ చాలు. ఇంట్లో ఇంకొకరు వదిలే పొగ పీల్చేవారికీ ఇంతే. తగ్గించడం మంచి ప్రయత్నమే, కానీ గుండెకు లాభం మానేస్తేనే. పూర్తిగా మానిన ఏడాదికి అదనపు ముప్పు సుమారు సగానికి పడిపోతుంది. రెండు సిగరెట్లకూ ఒక వేళంటూ ఉంది కాబట్టి మీకు మానడం తేలిక. భోజనం కాగానే కూర్చున్న చోటు నుంచి లేచి పది నిమిషాలు నడవండి. కోరిక తట్టుకోలేనంతగా ఉండేది కొద్ది నిమిషాలే.

ప్రశ్న: అమ్మకు 62. చాలాకాలంగా షుగరు. అప్పుడప్పుడు దవడ లాగుతోందని, ఆయాసమని అంటుంది. గ్యాస్ అనుకుని మాత్ర వేసుకుంటుంది. గ్యాసో గుండో ఇంట్లో ఎలా తెలుసుకోవాలి?

జవాబు: ఇంట్లో తెలుసుకునే మార్గం లేదు. గ్యాస్ మాత్రతో తగ్గిందన్నది కూడా రుజువు కాదు, గుండె నొప్పి కూడా కాసేపు కూర్చుంటే దానంతటదే తగ్గవచ్చు. ఒక్క ఆనవాలు చూడండి. నడిచినా, మెట్లెక్కినా వచ్చి, ఆగగానే రెండు మూడు నిమిషాల్లో తగ్గుతోందా? దవడలో వచ్చినా, గొంతులో వచ్చినా, చేతిలో వచ్చినా అది గుండెదే అనుకుని ఈ వారంలోనే గుండె డాక్టరుకు చూపించండి. కూర్చున్నప్పుడూ వస్తుంటే, మునుపటికంటే తరచుగా వస్తుంటే, ఇవాళే తీసుకెళ్లండి.

షుగరు ఏళ్ల తరబడి ఉంటే గుండెకు వెళ్లే నరాలు మొద్దుబారతాయి. ఛాతీలో నొప్పే లేకుండా గుండెపోటు రావచ్చు. ఆడవాళ్లలో కూడా ఛాతీ నొప్పితో పాటు, ఒక్కోసారి అది లేకుండానే, ఆయాసం, చల్లటి చెమటలు, వాంతి వచ్చేలా ఉండటం, వీపులోనో దవడలోనో బిగుతు, అంతులేని నీరసం కనిపిస్తాయి. ‘కొంచెం చూద్దాం’ అని ఇంట్లోవాళ్లు ఆగిపోయేది ఇక్కడే. రక్తం ఆగిన 20 నుంచి 30 నిమిషాల్లో కండరం చావడం మొదలవుతుంది. గంటలు గడిచే కొద్దీ కాపాడుకోవడానికి మిగిలేది తగ్గిపోతుంది.

ఇలాంటి బాధ 10 నిమిషాలు దాటినా తగ్గకపోతే, ఆమెను నడిపించకండి, మెట్లు దించకండి. గోడకో దిండ్లకో ఆనించి, మోకాళ్లు కొద్దిగా ముడిచి కూర్చోబెట్టండి. ఆంబులెన్స్‌కు ఫోన్ చేయండి. ఆస్పిరిన్ పడదన్న చరిత్ర, కడుపులో రక్తస్రావం, మెదడులో రక్తస్రావం లేకపోతే 300 మిల్లీగ్రాముల మామూలు ఆస్పిరిన్ నమిలి మింగించండి. నమలకుండా మింగితే పనిచేయడానికి చాలా సేపు పడుతుంది. నాలుక కింద పెట్టే మాత్ర డాక్టరు ముందే రాసి ఇచ్చి ఉంటేనే, కూర్చోబెట్టి ఇవ్వండి. బీపీ తక్కువున్నప్పుడు అది మనిషిని పడగొడుతుంది. అంగస్తంభన సమస్యకు ఎక్కువగా వాడే సిల్డెనాఫిల్ వేసుకుని 24 గంటలు, టడలాఫిల్ వేసుకుని 48 గంటలు గడవనివారికి అసలు ఇవ్వకూడదు. గట్టిగా దగ్గితే గుండెపోటు ఆగుతుందని ఫోన్లలో తిరిగే మాటకు ఆధారం లేదు.

మాట్లాడించినా పలకకుండా, ఊపిరి సరిగ్గా తీసుకోకుండా పడిపోతే గుండె ఆగినట్టే లెక్క. అప్పుడప్పుడు ఎగపోసినట్టు వచ్చే గాలిని ఊపిరి అనుకోవద్దు. గట్టి నేల మీద పడుకోబెట్టి, ఛాతీ మధ్యలో ఎముక కింది సగం మీద ఒక అరచేతి మడమ ఉంచి, రెండో చేయి దాని మీద వేసి, మోచేతులు వంచకుండా నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు నొక్కండి. ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి రానివ్వండి. ఇద్దరుంటే రెండు నిమిషాలకోసారి మారండి, అలసిన చేతులు లోతుగా నొక్కలేవు.

ఆసుపత్రిలో 10 నిమిషాల్లోపు ఈసీజీ తీయాలి. మొదటి ఈసీజీ, మొదటి ట్రోపోనిన్ రక్తపరీక్ష నార్మల్ రావచ్చు. ట్రోపోనిన్ పెరగడానికి కొన్ని గంటలు పడుతుంది. బాధ ఉంటే రెండూ మళ్లీ చేయమని అడగడానికి మొహమాటపడకండి.

ప్రశ్న: ప్యాకెట్ల మీద ఉప్పు ఎంతో రాయరు, సోడియం అని రాస్తారు. లెక్క ఎలా? లో సోడియం ఉప్పు మంచిదేనా?

జవాబు: సోడియంను రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు వస్తుంది. 100 గ్రాములకు 800 మిల్లీగ్రాముల సోడియం అని ఉంటే 2 గ్రాముల ఉప్పన్నమాట. రోజు మొత్తానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు 5 గ్రాముల లోపు, ఒక చిన్న చెంచా. ప్యాకెట్‌లో మీరు నిజంగా తినే బరువుకే లెక్క కట్టండి. గులాబీ ఉప్పైనా, రాతి ఉప్పైనా దాదాపు అంతా సోడియం క్లోరైడే.

లో సోడియం ఉప్పులో కొంత భాగం పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. చైనా పల్లెల్లో దాదాపు 21 వేల మందితో, 25 శాతం పొటాషియం క్లోరైడ్ ఉన్న ఉప్పు వాడించి చూసి 2021లో ప్రకటించిన ఫలితాల్లో పక్షవాతం 14 శాతం తగ్గింది. మంచిదే, అందరికీ కాదు. కిడ్నీ జబ్బున్నవారికి, ఒంట్లో నీరు తగ్గించే స్పైరనోలాక్టోన్ వాడేవారికి, పేరు చివర ‘ప్రిల్’ లేదా ‘సార్టన్’ ఉన్న బీపీ మాత్రలు వాడేవారికి పొటాషియం ప్రమాదకరంగా పెరిగి గుండె లయ తప్పవచ్చు. వాళ్లు డాక్టరును అడగకుండా మార్చుకోవద్దు.

ప్రశ్న: జబ్బేమీ లేదు, వయసు 63. ముందు జాగ్రత్తగా రోజూ చిన్న ఆస్పిరిన్ వేసుకోవచ్చా?

జవాబు: వద్దు. గుండెపోటు, స్టెంట్, పక్షవాతం ఏవీ లేనివారికి 60 దాటాక కొత్తగా మొదలుపెడితే కడుపులో, మెదడులో రక్తస్రావం ముప్పు లాభాన్ని మింగేస్తుంది. జబ్బు వచ్చినవారికి రాసిన ఆస్పిరిన్ సంగతి వేరు, వాళ్లు ఈ జవాబు చూసి మానకూడదు.

ప్రశ్న: నాకు గుండెపోటు వచ్చి స్టెంట్ వేసి నాలుగు నెలలైంది. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ వాడుతున్నాను. పన్ను తీయించుకోవాలి. రక్తం ఆగదు, వారం ముందు రెండూ మానేసి రమ్మన్నారు. మానవచ్చా?

జవాబు: మీ గుండె డాక్టరుతో మాట్లాడకుండా ఒక్క పూట కూడా మానకండి. స్టెంట్ ఒక లోహపు జల్లెడ. దాని తీగల మీద ధమని లోపలి పొర కొత్తగా పెరిగి కప్పడానికి నెలలు పడుతుంది. ఆలోగా రక్తానికి లోహం తగులుతూనే ఉంటుంది, గడ్డ కట్టకుండా ఆపుతున్నవి ఆ రెండు మాత్రలే. ఆపితే స్టెంట్ ఉన్నట్టుండి మూసుకుపోయి మళ్లీ పెద్ద గుండెపోటు వస్తుంది, అందులో ప్రాణాపాయం చాలా ఎక్కువ. గుండెపోటుకు వేసిన స్టెంట్ అయితే మామూలుగా 12 నెలలు రెండు మాత్రలూ, ఆ తర్వాత ఒకటి కొనసాగిస్తారు.

పన్ను వేరు. పంటి నుంచి వచ్చే రక్తం కంటికి కనిపించేది, నొక్కితే ఆగేది. ఒకటి రెండు పళ్లు మాత్రలు ఆపకుండానే తీయవచ్చు. పొద్దున పూట అపాయింట్‌మెంట్ తీసుకోండి, రక్తం కారితే పగలే మళ్లీ చూపించుకోవచ్చు. పన్ను తీసిన చోట గుడ్డ పెట్టి 20 నుంచి 30 నిమిషాలు కదపకుండా కొరికి పట్టాలి. అవసరమైతే కుట్టు వేస్తారు, రక్తం ఆగేలా చేసే ట్రానెక్సామిక్ ఆసిడ్‌తో తడిపిన గుడ్డ పెడతారు. ఆ రోజు పుక్కిలించకండి, వేడివి తాగకండి. నొప్పికి ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్ వద్దు, అవి రక్తస్రావాన్నీ గుండె ముప్పునూ పెంచుతాయి. పారాసెటమాల్ సరిపోతుంది. స్టెంట్ వేసిన తేదీ, రకం రాసిచ్చిన కార్డు పళ్ల డాక్టరుకు చూపించి, అక్కడి నుంచే మీ గుండె డాక్టరుకు ఫోన్ కలిపించండి.